నోరు తగలని ఈల

ఈలలాయన కొట్టుకు బోర్డు లేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. వీధి మలుపు తిరగ్గానే కొట్టు ఎక్కడుందో చెవులకే తెలిసిపోతుంది. ఒక ఈల, కాసేపు లేత్ మిషను గరగర, మళ్ళీ ఒక ఈల. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు తమనే ఎవరో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తారు. పాతకాపులు నిజంగా పిలిచినా తిరిగి చూడరు.

చేతులు బారజాపితే రెండు గోడలూ తగిలేంత గది అది. కిటికీ కింద కాలితో తొక్కే లేత్ మిషను, దాని కింద మోకాలెత్తున చెక్క పొట్టు, గోడకు ఉలులూ ఆకురాళ్ళూ. గుమ్మం దగ్గర చిన్న పీట. పీట మీద ఆయన అక్కగారు. ఆయనకి అరవై తొమ్మిది, ఆవిడకి డెబ్బై మూడు. వెనక రెండు గదుల్లో ఉండేది వాళ్ళిద్దరే. ఆయన చెక్కుతారు, ఆవిడ గరుకు కాగితంతో నున్నగా రుద్ది తాడు కడతారు. మధ్యలో ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఈ మూడు పనులూ యాభై ఏళ్ళుగా ఒక్క రోజు ఆగలేదని ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు.

లేత్ మిషను పక్కన రెండు చెక్క పళ్ళేలు ఉంటాయి. ఎడమదాంట్లో ఊదనివి, కుడిదాంట్లో ఊదినవి. ప్రతి ఈలనీ ఆయన స్వయంగా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కసారి ఊది, ముంగట కట్టుకున్న గుడ్డకి తుడిచి కుడివైపు వేస్తారు. అలా వేయని ఈల గడప దాటదు.

"ఊదిందాకా అది ఈల కాదు, బెజ్జం పడ్డ పుల్ల," అంటారాయన.

మొదటిసారి చూసినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను, మరి ఎంగిలి కదండీ అని.

"తుడుస్తున్నాగా," అన్నారు, ఆ గుడ్డ ఎత్తి చూపిస్తూ. ఆ గుడ్డకి ఒకప్పుడు ఏదో రంగు ఉండేదట.

"ఆ తర్వాత నేను సబ్బునీళ్ళలో జాడిస్తాలే, భయపడకు," అన్నారు అక్కగారు నాతో మెల్లగా. "వాడికి తెలిస్తే నొచ్చుకుంటాడు."

ఈ మధ్య కుడి పళ్ళెం నిండటానికి పదిరోజులు పడుతోంది. ఆటలు ఆడించేవాళ్ళు ప్లాస్టిక్ ఈలలకి మారారు. కాపలావాళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. పిల్లల సంగతి సరేసరి. తను చేసిన ఈల ఒక పిల్ల మెడలో చూసి పన్నెండేళ్ళయిందని ఆయన ఒకసారి అన్నారు. అన్నాక ముక్కు గోక్కుని వేరే మాటలోకి వెళ్ళిపోయారు. అక్కగారే తర్వాత చెప్పారు. "సాయంత్రం బడి వదిలే వేళకి వాడు మిషను ఆపేస్తాడు. కాలు నొప్పంటాడు. కాలూ కాదు, ఏమీ కాదు. పిల్లలు వెళ్తుంటే ఎవరైనా ఊదుతారేమోనని వింటాడు."

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు పొద్దున్నే చిన్నపిల్లల బడి నుంచి నర్సమ్మ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, చకచకా మాట్లాడుతుంది, చేతిసంచీ పట్టీకి చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా వేలాడుతుంటుంది. బయటికి తీసుకెళ్ళినప్పుడు పిల్లలు తప్పిపోతే ఊదడానికి ఒక్కొక్కరి మెడలో ఒక్కో ఈల ఉండాలని బడివాళ్ళు అనుకున్నారట. ప్లాస్టిక్‌వి ఎండకి పగిలిపోతున్నాయి. చెక్కవి కావాలి. రెండు వందల నలభై.

ఈలలాయన లేత్ మిషను తొక్కడం ఆపేశారు. నోట్లో ఒక ఈల ఉండటం వల్ల ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా అది సన్నగా పలికింది.

"వాడు సరేనంటున్నాడు," అన్నారు అక్కగారు.

"ఒక్కటే షరతండీ," అంది నర్సమ్మ, ఆ ఈల వంకే చూస్తూ. "ఏ ఈలకీ ఎవరి నోరూ తగలకూడదు."

ఆయన ఈల తీసి చేతిలో పట్టుకున్నారు. "ఊదకుండా అది పలుకుతుందని ఎలా తెలుస్తుందమ్మా?"

"అది మీరే చూసుకోవాలి బాబాయిగారూ. తప్పుగా అనుకోకండి. పోయిన వానాకాలం ఒక పిల్లకి గొంతు నొప్పి. ఆ పిల్ల నీళ్ళ సీసా ఇంకో నలుగురు తాగారు. వారం తిరిగేసరికి క్లాసులో తొమ్మిదిమంది మిగిలారు. అమ్మలందరికీ ఫోన్లు చేసి చేసి ఆఖరికి నా గొంతూ పోయింది."

పది రోజుల్లో వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి ఈలలాయన మొదలుపెట్టారు.

"మా చిన్నప్పుడు వీధంతటికీ ఒకటే ఈల. ఇత్తడిది. ఎవరో రైలు గార్డు ఇచ్చి వెళ్ళాడు. పదకొండుమంది పిల్లలం. ఒకడు ఊది, నిక్కరుకి తుడిచి ఇంకొకడికి ఇచ్చేవాడు. అందరం బాగానే ఉన్నాం. ఎవడికైనా ఏమన్నా అయిందా? సూక్ష్మజీవులట. అప్పుడు లేవా అవి?"

అక్కగారు గరుకు కాగితం పక్కన పెట్టారు. అలా పెట్టారంటే విషయం పెద్దదని.

"ఏమీ కాలేదా? గవదబిళ్ళలు ఎవరికొచ్చాయిరా?"

"అవి అందరికీ వచ్చేవే."

"అందరికీ ఒకే వారంలో వచ్చాయి. పదకొండుమందికీ బుగ్గలు ఇంతింత. అమ్మలందరూ గడ్డం కింద నుంచి నెత్తి మీదికి గుడ్డలు కట్టి కూర్చోబెట్టారు. నీకు గుర్తు లేకపోతే నాకు గుర్తుంది. ముందుగా వచ్చింది నీకు. ఆ రోజు ఈల వంతూ నీదే. జ్వరంలో కూడా వదలకుండా పొద్దున్నుంచీ ఊదావు. ఆ వారం వీధిలో ఈల మోత లేదు. పెదాలు ముడవడానికి ఒక్కడికీ వల్లకాలేదు."

ఈలలాయన కిటికీలోంచి బయటికి చూశారు. "వారమే కదా," అన్నారు.

అసలు వాళ్ళమ్మ నిప్పులాంటి మనిషట. పిల్లలు బయటినుంచి వస్తే కాళ్ళు కడుక్కుంటే చాలదు, మడమ వెనక్కి బొటనవేలితో రాసి చూసేది. వేలికి మట్టి అంటితే మళ్ళీ కుళాయి దగ్గరికి. ఎండ బాగా కాసిన రోజున ఇంట్లో పరుపులన్నీ మేడమీదే. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవాలి. కొరికింది ఇంకొకరికి పెట్టకూడదు. ఆవిడకి సూక్ష్మజీవి అనే మాట తెలీదు, కంటితో చూసిందీ లేదు. ఎంగిలి అన్న ఒక్క మాటతో ఇల్లంతా నడిపించింది.

ఆ మాటకి పిల్లలు కనిపెట్టుకున్న విరుగుడు కాకెంగిలి. ఒకటే పిప్పరమెంటు బిళ్ళ, తినేవాళ్ళు ఇద్దరు. బిళ్ళమీద చొక్కా అంచు కప్పి, గుడ్డమీద నుంచి పటుక్కున కొరికితే రెండు ముక్కలు. పళ్ళు తగిలింది గుడ్డకి, బిళ్ళకి కాదు. కాబట్టి ఎంగిలి కాదు. అదే కాకెంగిలి. అమ్మ కూడా దానికి అడ్డు చెప్పలేకపోయిందని ఈలలాయన ఇప్పటికీ గర్వంగా చెబుతారు.

"ఆ చొక్కా అంచుతోనే వీడు ముక్కు తుడుచుకునేవాడు. పలక తుడిచేవాడు. పక్కింటి కుక్క చెవులు తుడిచేవాడు," అన్నారు అక్కగారు నాతో. "ఆ బిళ్ళలో సగం నేను తిన్నాను. ఇన్నేళ్ళు ఎలా బతికానో నాకే తెలీదు."

పని మొదలైంది. రోజుకి పాతికకు పైగా ఈలలు ఎడమ పళ్ళెంలోకి వెళ్తున్నాయి. కుడి పళ్ళెం ఖాళీగానే ఉంది. చెక్కడం అయిన ప్రతి ఈలా అలవాటు కొద్దీ నోటిదాకా వెళ్ళడం, అక్కగారు పీట మీద నుంచే "ఊఁ" అనడం, ఆయన కిందికి దించడం. మూడో రోజుకి ఆవిడ తలెత్తకుండానే "ఊఁ" అనడం నేర్చుకున్నారు.

ముందు ఆయనకి తోచింది ఉడకబెట్టడం. ఊదేసి, మరిగే నీళ్ళలో వేస్తే ఏ జీవీ మిగలదు కదా అని. ఆరు ఈలలు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. ఈలకి గాలి పోయే సన్నని సందుని ఆయన గొంతు అంటారు. ఆరింటి గొంతులూ పూడుకుపోయాయి.

"సూక్ష్మజీవులు చచ్చాయో లేదో గానీ ఈలలు చచ్చాయి," అన్నారు అక్కగారు, గిన్నె వంచుతూ. "ఇంకెప్పుడైనా నా గిన్నె ముట్టుకున్నావంటే చూడు."

అయిదో రోజున ఆయనకి కాకెంగిలి గుర్తొచ్చింది. ఉతికిన చొక్కా తొడుక్కుని, అంచు పైకెత్తి, దాన్ని ఈల మీద కప్పి, గుడ్డలోంచి ఊదారు. పలికింది. కాస్త ముసుగు తన్ని మాట్లాడినట్టుగా పలికింది గానీ, పలికింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకోటి, ఇంకోటి. అరవై తొమ్మిదేళ్ళ మనిషి పొట్ట బయటపెట్టి, చొక్కా నోట్లో కుక్కుకుని ఈల వేస్తుంటే, పని ఎంతదాకా వచ్చిందో చూద్దామని నర్సమ్మ సరిగ్గా అప్పుడే గడప దగ్గరికి వచ్చింది.

ఆయన నోట్లోంచి చొక్కా మెల్లగా జారింది.

"కాకెంగిలి," అన్నారాయన.

నర్సమ్మ గంభీరంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. వల్ల కాక గుమ్మం పట్టుకుని నవ్వేసింది. "మా అన్నయ్యా నేనూ కూడా చేసేవాళ్ళం," అంది కళ్ళు తుడుచుకుంటూ. "కానీ బాబాయిగారూ, గుడ్డలో ఉన్న సందులు మన కంటికే చిన్నవి. సూక్ష్మజీవులకి అవి సింహద్వారాలు. ఇవి కుదరవు. పక్కన పెట్టేయండి."

"చొక్కా ఉతికిందేనమ్మా."

"ఉతికిందే," అన్నారు అక్కగారు. "ఈ ఏడాదే."

కాకెంగిలి అయిన పద్నాలుగు ఈలలూ పక్కకి పోయాయి. నర్సమ్మ వెళ్ళాక ఆయన చాలాసేపు ఉలికి పదును పెడుతూ కూర్చున్నారు. ఆ ఉలికి అంత పదును అక్కర్లేదు.

చివరికి దారి చూపింది సైకిలు పంపు. ఎదురింటి నుంచి తెచ్చి, రబ్బరు గొట్టం కొసకి ఈల తగిలించి ఒక్క నొక్కు నొక్కారు. వీధి దద్దరిల్లింది. అక్కగారి చేతిలో గరుకు కాగితం ఎగిరిపడింది. ఇక సందేహం లేదు. నోరు తగల్లేదు, శ్వాస తగల్లేదు. ఒక పూటంతా ఆయన నొక్కుతూనే ఉన్నారు. చక్కగా రెండు వందల నలభై పలికాయి, అన్నీ కుడి పళ్ళెంలోకి వెళ్ళాయి. పళ్ళెం చాలక బుట్టలోకి కూడా వెళ్ళాయి. ఆ సాయంత్రం ఆయన తొందరగా కొట్టు కట్టేసి, ఎదురింటివాళ్ళకి పంపు తిరిగిచ్చి, దారిలో కనిపించిన ప్రతివాళ్ళతోనూ మాట్లాడి వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం అక్కగారు తాళ్ళు కత్తిరిస్తున్నారు. లెక్కకి మించి చేసినవి నాలుగైదు మిగిలితే, అందులో ఒకటి ఊరికే నోట్లో పెట్టుకున్నారు. నెల రోజులుగా దగ్గు పట్టి ఆవిడకి ఊపిరి సరిగా ఆడటం లేదు. ఊదారు. ఈల పలకలేదు. కెటిల్లో నీళ్ళు కాగబోయే ముందు వచ్చే చప్పుడొకటి వచ్చింది, అంతే.

"ఒరేయ్, ఇది మూగది."

"పంపుకి పలికిందక్కా."

"నేను పంపునా?"

ఆయన ఆ ఈల తీసుకుని ఊదారు. పలికింది. ఆవిడకి ఇచ్చారు. ఆవిడ ఊదారు. చప్పుడే. మళ్ళీ ఆయన ఊదారు, ఈసారి మెల్లగా, ఆరేళ్ళ పిల్ల ఊదినట్టు. చప్పుడే. అప్పుడు ఆయన పీట మీద, అక్కగారి పక్కనే, ఇరుక్కుని కూర్చున్నారు.

పంపు ఊపిరి పహిల్వాను ఊపిరి. గొంతు వెంట్రుక వాసి పక్కకి ఉన్నా అది బలంగా తోసేసి పలికిస్తుంది. ఇన్నేళ్ళూ ఆయన కళ్ళు మూసుకుని ఊదుతూ వెతికింది ఈల ఎంత గట్టిగా పలుకుతుందనేది కాదు, ఎంత తక్కువ ఊపిరికి పలుకుతుందనేది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎవరికీ మాటల్లో చెప్పలేదు. తనకే తెలీదని నాతో అన్నారు. పెదవులకి తెలుసు.

"ఎన్ని మూగవో చెప్పలేను," అన్నారు. "తప్పిపోయిన పిల్ల, భయపడిపోయి, ఊపిరి అందక, ఊదితే..."

అక్కగారు ఈసారి వెక్కిరించలేదు.

అక్కగారు ఇంట్లో లేని ఒక గంట చాలు, రెండు వందల నలభై ఈలలూ తనే మెల్లగా ఊదేసి, తుడిచేసి ఇచ్చేయొచ్చు. ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన వచ్చిందని ఆయనే ఒప్పుకున్నారు. "బుట్ట దగ్గరికి వెళ్ళాను కూడా. గవదబిళ్ళలు గుర్తొచ్చాయి," అన్నారు నవ్వుతూ. "నేను ఊదిన రోజునే కదా అందరికీ అంటింది. ఆ సంగతి అక్క చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేది."

బుట్ట చంకన పెట్టుకుని బడికి వెళ్ళారు. వెనకే అక్కగారు, తాళ్ళ కట్ట పట్టుకుని. నర్సమ్మ గదిలో మూడు చిన్న మంచాలు, ఒక చేతులు కడుక్కునే తొట్టి, తొట్టి మీద చేతులెలా కడుక్కోవాలో బొమ్మలు. ఈలలాయన కూర్చోలేదు.

"అమ్మా, ఇవి పలుకుతాయో లేదో నాకు తెలీదు," అన్నారు. "ఊదకుండా ఇచ్చిన ఈల నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు. ఇవి వద్దనుకుంటే తీసుకెళ్ళిపోతాను."

పంపు సంగతంతా చెప్పారు. నర్సమ్మ ఒక ఈల అందుకుని, తిప్పి చూసి, తను కూడా నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ఆ ఆగడం చూసి అక్కగారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గులో సగం నవ్వు.

"వద్దనుకుంటే పిల్లలకి ప్లాస్టిక్‌వే," అంది నర్సమ్మ. "పగిలిపోయేవి." ఆమె తొట్టి వైపు చూసింది, బుట్ట వైపు చూసింది. "ఎవరో ఒకరు ముందు ఊదాలి కదా."

"ఊదాలి."

"ఎవరి ఈల వాళ్ళు ఊదితే?"

ఈలలాయన ఆమె మొహంలోకి చూశారు. యాభై ఏళ్ళలో, అక్కగారు ఊదిన ఆ మూగది తప్ప, ఏ ఈలనీ ఆయనకంటే ముందు ఇంకొకరు ఊదలేదు. అలా ఊదొచ్చని ఆయనకి ఆ నిమిషందాకా తట్టలేదట.

"నేను అక్కడే కూర్చోవచ్చా?" అని అడిగారు. "పలకనివి అక్కడికక్కడే సరిచేస్తాను."

"చేతులకి తొడుగులు వేసుకోవాలి."

"వేసుకుంటాను."

"ముందు సబ్బుతో కడుక్కోవాలి. ఆ బొమ్మల్లో ఉన్నట్టు."

"వాడి మడమలు కూడా చూడమ్మా," అన్నారు అక్కగారు.

బడి వసారాలో బల్ల వేశారు. ఆకురాయి, చిన్న సుత్తి, గరుకు కాగితం. తెల్లటి తొడుగుల్లో ఈలలాయన వేళ్ళు ఆయనవి కానట్టు ఉన్నాయి. పిల్లలు వరసగా వచ్చి, చేతులు కడుక్కుని, బుట్టలోంచి తలా ఒక ఈల తీసుకుంటున్నారు. తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే ఊదుతున్నారు. ఒకటి పలికింది. ఇంకొకటి. ఒకడు ఊదకుండా ముందు ఈల నాకేశాడు. వాడి వెనకవాడు అడ్డం తిరిగాడు.

"అది నేను తీసుకుందామనుకున్నా."

"నేను ఎంగిలి చేసేశా. ఇక ఇది నాదే."

వెనకవాడు మరి మాట్లాడకుండా ఇంకోటి తీసుకున్నాడు. అక్కడ ఆ తీర్పుకి తిరుగు లేదు.

పదిహేనో పిల్ల దగ్గర వరస ఆగింది. రెండు జడలు, ముందు పళ్ళు రెండూ లేవు. ఊదింది. చప్పుడే. మళ్ళీ ఊదింది, బుగ్గలు ఎర్రబడేలా. చప్పుడే. పెదవి వణకడం మొదలైంది.

"ఇటు తే అమ్మలూ," అన్నారు ఈలలాయన. ఈల గొంతు వెలుగుకి ఎదురుగా పెట్టి చూశారు. వెంట్రుక వాసి. సుత్తితో ఒక్క దెబ్బ, మెల్లగా. ఆకురాయితో అంచున ఒక్క రుద్దు. పొట్టు దులిపారు. చెయ్యి తనంతట తను పైకి లేచింది, కళ్ళు మూసుకున్నాయి.

నర్సమ్మ అటు తిరిగి ఎవరి చేతులో కడుగుతోంది. అక్కగారు తాళ్ళ చిక్కు తీస్తున్నారు. ఎవరూ "ఊఁ" అనలేదు. ఈల పెదవులకి వేలెడంత దూరంలో ఉంది.

"అప్పుడు ముక్కుకి చెక్క వాసన తగిలింది," అన్నారాయన నాతో. "దాని మీద ఆ పిల్ల తడి ఇంకా ఆరలేదు. కళ్ళు తెరిచాను. ఆ పిల్ల నా నోటి వంకే చూస్తోంది. ఊదేస్తానేమోనని. అది ఆ పిల్లది కదా అప్పటికే."

ఆయన చెయ్యి దించి, ఈల తిప్పి, పిల్లకి అందించారు. "నువ్వే చూడు. మెల్లగా ఊదు. గట్టిగా అక్కర్లేదు."

ఆ పిల్ల మెల్లగా ఊదలేదు. ఉన్న ఊపిరంతా పెట్టి, పళ్ళు లేని చోటు నుంచి తుంపరలు ఎగిరేలా ఊదింది. ఈల పలికింది. తుంపరలు ఆయన కళ్ళద్దాల నిండా పడ్డాయి. నర్సమ్మ మందు సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఆగమ్మా, ఇంకా వరస ఉంది," అన్నారాయన. తుడుచుకుంటే తొడుగులు విప్పాలి, విప్పితే మళ్ళీ ఆ బొమ్మల ప్రకారం కడుక్కోవాలి. మిగతా పని తుంపరల్లోంచే చూసి చేశారు.

మూగవి మొత్తం పదకొండు తేలాయి. పదకొండూ పలికాయి. ఆఖరి పిల్ల మెడలో అక్కగారు తాడు వేశాక, ఒక్కసారి అందరూ కలిసి ఊదండి అని నర్సమ్మ చెప్పింది. చెప్పిన మరుక్షణం రెండు చెవులూ మూసుకుంది. వసారా, మెట్లు, ఆటస్థలం అంతా ఈలలే. పక్క మేడల్లో కిటికీలు తెరుచుకున్నాయి. దారినపోయేవాళ్ళందరూ ఎవరో తమనే పిలిచినట్టు ఆగిపోయి చూశారు. ఆపమని నర్సమ్మ చెయ్యి ఊపుతోంది. ఆ చెయ్యిని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అక్కగారు బల్ల మీదికి వంగి, తమ్ముడి చెవి దగ్గర అరిచారు. "ఏరా, అన్నీ పలుకుతున్నాయా?"

ఈలలాయన తొడుగు వేసిన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నారు.

"ఏంటక్కా?"

"అన్నీ పలుకుతున్నాయా అని!"

"వినపడట్లేదు," అన్నారాయన, మొహమంతా నవ్వుతూ. "నాకేమీ వినపడట్లేదు."